వైడ్ రిసీవర్‌కి ఎంత ఇవ్వాలి? ఎన్ఎఫ్ఎల్ జీతాల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్, ఎన్ఎఫ్ఎల్ అంటే దాని ప్రొఫెషనల్ లీగ్. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో ఉండే తెలుగు కుటుంబాలకు కౌబాయ్స్ అంటే ఇంటి జట్టే. ఏటా వేసవి వచ్చేసరికి అందరి నోటా ఒకే ప్రశ్న: "బాల్ పట్టుకునే మనిషికి అంత డబ్బా?" ఆ ప్రశ్నకూ, దాని వెంట వచ్చే మిగతా ప్రశ్నలకూ లెక్కలతో జవాబులు ఇవి. అంకెలన్నీ మిలియన్ డాలర్లలో ఉంటాయి. ఒక మిలియన్ అంటే పది లక్షలు.

వైడ్ రిసీవర్ చేసే పనేంటి? బాల్ పట్టడమేగా?

పట్టడం ఆఖరి ఘట్టం. డబ్బు దానికి ముందు జరిగే రెండున్నర సెకన్లకు. బాల్ స్నాప్ అవ్వగానే, అంటే వెనక్కి అందించి ఆట మొదలవ్వగానే, ఎదురుగా గజం దూరంలో కాపలా ఉన్న డిఫెండర్, కార్నర్‌బ్యాక్, రిసీవర్ ఛాతీ మీద చేతులేసి ఆపబోతాడు. ఆ చేతుల్ని విదిలించుకుని, లోపలికి పోతున్నట్టు భుజం తిప్పి బయటికి దూకాలి. పూర్తి వేగంతో పదీ పన్నెండు గజాలు పరుగెత్తి, రెండు మూడు అడుగుల్లో ఆగి మలుపు తిరగాలి. బాల్ ఎక్కువసార్లు ఆ మలుపుకు ముందే దాన్ని విసిరే క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి వెళ్లిపోయి ఉంటుంది. అడుగు అటూ ఇటూ అయితే ఎదుటివాడికి దొరుకుతుంది.

బాల్ తన దగ్గరికి రాకపోయినా మంచి రిసీవర్ పని జరుగుతూనే ఉంటుంది. మిన్నెసోటాలో జస్టిన్ జెఫర్సన్ ఏ వైపు నిలబడితే అవతలి సేఫ్టీ (వెనక కాపలా ఉండే డిఫెండర్) ఆ వైపుకి జరుగుతాడు. అతను జరిగాడంటే రెండో వైపు టైట్ ఎండ్‌కి (లైన్ చివర నిలబడి బాల్ కూడా పట్టేవాడికి) ఖాళీ దొరుకుతుంది, బాల్ పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ ముందు ఒక మనిషి తగ్గుతాడు. ఇది స్కోర్‌కార్డులో కనిపించదు, కోచ్‌లు చూసే వీడియోలో కనిపిస్తుంది.

2025 నాటికి రేటు ఎంత పలికింది?

2025 మార్చిలో సిన్సినాటి బెంగాల్స్ జమార్ చేజ్‌కి నాలుగేళ్లకు 161 మిలియన్లు ఇచ్చింది. ఏడాదికి 40.25. క్వార్టర్‌బ్యాక్ కాని ఏ ఆటగాడికీ అప్పటివరకూ అంత దక్కలేదు. 2024 జూన్‌లో జెఫర్సన్‌కి ఏడాదికి 35, ఆగస్టులో కౌబాయ్స్ సీడీ ల్యాంబ్‌కి 34, ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా ఏజే బ్రౌన్‌కి 32, డెట్రాయిట్ అమన్‌రా సెయింట్ బ్రౌన్‌కి 30 దాటి ఒప్పుకున్నాయి. పోల్చి చూసుకోవడానికి 2025 నాటి మిగతా స్థానాల గరిష్ఠాలు: క్వార్టర్‌బ్యాక్ 60 (డాక్ ప్రెస్కాట్), క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే ఎడ్జ్ రషర్ 47 (మైకా పార్సన్స్), కార్నర్‌బ్యాక్ 30.1 (సాస్ గార్డ్‌నర్), రన్నింగ్ బ్యాక్ 20.6 (సేక్వాన్ బార్క్‌లీ).

ఇది అతి కాదా? పదేళ్ల కింద ఇందులో సగం కూడా లేదు కదా?

డాలర్లలో చూస్తే అలాగే అనిపిస్తుంది. శాతాల్లో చూడండి. 2012లో డెట్రాయిట్ కాల్విన్ జాన్సన్‌కి ఎనిమిదేళ్లకు 132 మిలియన్లు రాసిచ్చింది, అంటే ఏడాదికి 16.5. ఆ ఏడాది శాలరీ క్యాప్, అంటే ఒక జట్టు జీతాల మీద పెట్టగల గరిష్ఠం, 120.6. వాటా 13.7 శాతం. 2024లో జెఫర్సన్ 35ని ఆ ఏటి క్యాప్ 255.4తో భాగిస్తే వచ్చేదీ 13.7 శాతమే. చేజ్‌ది 279.2లో 14.4 శాతం. మధ్యలో 2019లో హూలియో జోన్స్ 22 మిలియన్లకు సంతకం చేసినప్పుడు క్యాప్ 188.2, వాటా 11.7 శాతానికి పడిపోయింది.

అంటే అగ్రశ్రేణి రిసీవర్ ధర 2012 నుంచి 2025 దాకా క్యాప్‌లో పది నుంచి పద్నాలుగున్నర శాతం మధ్యే తిరిగింది. పెరిగింది క్యాప్. అసలు తేడా కింది మెట్టులో వచ్చింది. 2022లో జాక్సన్‌విల్ క్రిస్టియన్ కర్క్‌కి ఏడాదికి 18 ఇచ్చింది. అప్పటికి అతను ఒక్క సీజన్‌లోనూ వెయ్యి గజాలు దాటలేదు. ఆ రోజు నుంచి "కర్క్‌కే 18 అయితే మావాడికెంత?" అని ప్రతి ఏజెంటూ బేరం అక్కడ మొదలుపెట్టాడు. రిసీవర్ల జీతాల మీద ఎవరికైనా ఫిర్యాదు ఉంటే అది చేజ్ గురించి కాకుండా ఈ మధ్య మెట్టు గురించి ఉండాలని మా అభిప్రాయం.

క్యాప్ అంటే ఐపీఎల్ పర్స్ లాంటిదేనా?

సగం వరకు. 2025 సీజన్‌కి ఐపీఎల్‌లో ఒక్కో జట్టు పర్స్ 120 కోట్లు. సన్‌రైజర్స్ హైదరాబాద్ హెన్రిక్ క్లాసెన్‌ని 23 కోట్లకు అట్టిపెట్టుకుంది, అంటే 19 శాతం పైనే. అయితే అక్కడ ఇరవై అయిదు మందితో జట్టు సరిపోతుంది, ఇక్కడ 53 మంది కావాలి. అందుకే ఇక్కడ పద్నాలుగు శాతం కూడా బరువే.

అసలు తేడా మరొకటుంది. ఐపీఎల్‌లో ఈ ఏడు ఇచ్చింది ఈ ఏడు లెక్కలోకే వస్తుంది. ఎన్ఎఫ్ఎల్‌లో ఇచ్చే ఏడాది వేరు, లెక్కలో పడే ఏడాది వేరు. జనం తికమకపడేదంతా ఇక్కడే.

వార్తల్లో కనిపించే "ఏడాదికి ఇంత" అన్న అంకెని నమ్మొచ్చా?

నేరుగా నమ్మకూడదు. దాన్ని రెండు చోట్ల ఉబ్బిస్తారు.

మొదటిది కొత్త డబ్బు లెక్క. జెఫర్సన్ సంతకం చేసేనాటికి పాత ఒప్పందంలో ఇంకా ఒక ఏడాది ఉంది, దానికి 19.7 మిలియన్లు. కొత్త 140ని కొత్త నాలుగేళ్లతో మాత్రమే భాగిస్తే 35 వస్తుంది. పాత ఏడాదిని కూడా కలిపితే అయిదేళ్లకు దాదాపు 160, ఏడాదికి 32. జట్టు నిజంగా మోసేది ఆ 32.

రెండోది అలంకారం కోసం పెట్టే ఆఖరి ఏడాది. 2022లో మయామి టైరీక్ హిల్‌కి ఇచ్చిన ఒప్పందం ఏడాదికి 30 అని మోగిపోయింది. అందులో చివరి ఏడాదికే 45 దాకా గ్యారంటీ లేకుండా పెట్టారు. అది ఎవరూ చెల్లించబోని ఏడాది. దాన్ని తీసేస్తే మిగిలింది ఏడాదికి 25. లాస్ వేగస్‌లో డవాంటే ఆడమ్స్ ఒప్పందం కూడా ఇదే కోవలోది. ఆఖరి రెండేళ్లు పక్కన పెడితే 28 కాస్తా 22.5కి దిగుతుంది.

ఏ ఒప్పందాన్నైనా మొదటి మూడేళ్లలో చేతికందే సొమ్ముతో, సంతకం రోజునే పూర్తిగా గ్యారంటీ అయిన సొమ్ముతో కొలవండి. ఈ రెండింటినీ ఉబ్బించడం కష్టం.

సైనింగ్ బోనస్ లెక్క ఎలా వేస్తారు?

ఒక ఊహాజనిత ఒప్పందం తీసుకుందాం. నాలుగేళ్లు, 100 మిలియన్లు. అందులో సైనింగ్ బోనస్ 30. మూల జీతాలు వరుసగా 2, 18, 24, 26.

బోనస్ మొత్తం మొదటి ఏడాదే ఆటగాడి ఖాతాలో పడుతుంది. క్యాప్ లెక్కలో మాత్రం గరిష్ఠంగా అయిదేళ్లకు పంచుకోవచ్చు. ఒప్పందం నాలుగేళ్లదే కాబట్టి చివర ఒక వాయిడ్ ఇయర్ తగిలిస్తారు. అది ఆడని ఏడాది, కాగితం మీదే ఉంటుంది. 30ని అయిదుతో భాగిస్తే ఏడాదికి 6. అప్పుడు క్యాప్ భారం మొదటి ఏడు 8, రెండో ఏడు 24, మూడో ఏడు 30, నాలుగో ఏడు 32, వాయిడ్ ఏడు 6. మొదటి ఏడాది ఆటగాడికి అందింది 32 అయితే క్యాప్‌లో పడింది 8 మాత్రమే. "క్యాప్ నిండిపోయింది, కొనలేం" అన్న మాట చాలాసార్లు నిజం కాకపోవడానికి కారణం ఇదే.

రెండేళ్లు ఆడించి వదిలేశారనుకోండి. ఇంకా లెక్కలో పడని బోనస్ మూడు ఆర్లు పద్దెనిమిది. అది ఒక్కసారిగా ఆ ఏడాది మీద పడుతుంది. దాన్నే డెడ్ మనీ అంటారు. మూడో ఏటి 30 భారం పోయి 18 మిగులుతుంది, ఆదా 12. జూన్ 1 తర్వాత వదిలేసినట్టు చూపిస్తే ఆ ఏడు 6, మరుసటి ఏడు 12గా విడిపోతుంది. అప్పుడు ఆ ఏటి ఆదా 24, కాకపోతే ఆ 12 వచ్చే ఏడాదికి అప్పుగా వెళ్తుంది.

రీస్ట్రక్చర్ చేస్తే డబ్బు మిగులుతుందంటారు. అందులో చిక్కేంటి?

మిగలదు, వాయిదా పడుతుంది. పై ఉదాహరణలోనే రెండో ఏడు మూల జీతం 18లో 16ని బోనస్‌గా మార్చారనుకుందాం. దాన్ని మిగిలిన నాలుగు గడులకు పంచితే నాలుగేసి. ఆ ఏటి భారం 24 నుంచి 12కి దిగుతుంది. బాగుంది కదూ? ఇప్పుడు మూడో ఏడు 34, నాలుగో ఏడు 36, వాయిడ్ ఏడు 10. రెండేళ్ల తర్వాత వదిలేద్దామంటే డెడ్ మనీ 18 కాదు, 30. ఆదా 12 కాదు, 4.

జట్లు బోల్తా కొట్టేది ఇక్కడ. ఆటగాడు మందగించాడని తెలిసినా వదిలించుకోలేని స్థితిని తమ చేతులతోనే తెచ్చుకుంటాయి. 2024 ఏప్రిల్‌లో బఫలో స్టెఫాన్ డిగ్స్‌ని హ్యూస్టన్‌కి పంపేసినప్పుడు 31 మిలియన్ల డెడ్ మనీ మింగాల్సి వచ్చింది. వేరే జట్టుకి ఆడే మనిషి కోసం క్యాప్‌లో పన్నెండు శాతం. మేం చెప్పే నియమం ఒకటే: ఇరవై ఎనిమిదేళ్లు దాటిన రిసీవర్ జీతాన్ని రీస్ట్రక్చర్ చేయొద్దు. క్యాప్ కావాలంటే ముందు క్వార్టర్‌బ్యాక్ జీతాన్నో, అతన్ని కాపాడే కుర్ర లెఫ్ట్ టాకిల్ జీతాన్నో కదపండి. ఆ ఇద్దరూ మరో అయిదేళ్లు ఉండే అవకాశం ఎక్కువ.

డ్రాఫ్ట్‌లో చవగ్గా దొరుకుతున్నప్పుడు ఎందుకు కొనాలి?

డ్రాఫ్ట్ అంటే జట్లు ఏటా వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకోవడం. ఒక్కో ఎంపిక ఒక పిక్, అలా వచ్చిన కొత్త ఆటగాడు రూకీ. చవగ్గా దొరుకుతారు, నిజమే. సెయింట్ బ్రౌన్ 2021లో నాలుగో రౌండ్‌లో 112వ పిక్. పుకా నకువా 2023లో అయిదో రౌండ్‌లో 177వ పిక్. తొలి ఏడాదే 105 క్యాచ్‌లు, 1,486 గజాలతో రూకీ రికార్డులు రాశాడు. అతని నాలుగేళ్ల ఒప్పందం మొత్తం కలిపి నాలుగు మిలియన్ల పైచిలుకు, అంతే. ఏజే బ్రౌన్, డీకే మెట్‌కాఫ్, కూపర్ కప్, ఆడమ్స్ అందరూ రెండో మూడో రౌండ్ వాళ్లే. 2011లో రూకీల జీతాలకు స్లాట్లు కట్టినప్పటి నుంచి క్యాప్‌లో ఇంతకు మించిన లాభం లేదు.

కాకపోతే గెలిచిన లాటరీ టికెట్లే అందరికీ గుర్తుంటాయి. 2020 డ్రాఫ్ట్‌లో ఫిలడెల్ఫియా 21వ పిక్‌తో జేలన్ రేగర్‌ని తీసుకుంది. వెంటనే 22వ పిక్‌తో మిన్నెసోటా జెఫర్సన్‌ని తీసుకుంది. ఇద్దరూ రిసీవర్లే, ఇద్దరినీ అవే కళ్లు పరీక్షించాయి. కాబట్టి ప్రతి ఏడాదీ ఒకరిని డ్రాఫ్ట్ చేయండి, కానీ పక్కాగా తేలినవాణ్ని వదులుకుని డ్రాఫ్ట్‌ని నమ్ముకోకండి.

మరి ధర పెరిగినప్పుడు అమ్మేసిన జట్లు బాగుపడ్డాయి కదా?

కొన్ని బాగుపడ్డాయి. 2022లో జరిగిన రెండు అమ్మకాలు పక్కపక్కన పెట్టి చూడండి.

మార్చిలో కాన్సస్ సిటీ హిల్‌ని మయామికి ఇచ్చి అయిదు పిక్‌లు తీసుకుంది. అందులో మొదటి రౌండ్ పిక్‌ని వాడి పైకి జరిగి కార్నర్‌బ్యాక్ ట్రెంట్ మెక్‌డఫీని తెచ్చుకుంది. తర్వాత వరుసగా రెండు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచింది. ఏప్రిల్‌లో టెనెసీ ఏజే బ్రౌన్‌ని ఫిలడెల్ఫియాకి ఇచ్చి, వచ్చిన 18వ పిక్‌తో ట్రేలన్ బర్క్స్‌ని తీసుకుంది. డిసెంబర్‌లో అదే బ్రౌన్ టెనెసీ మీద 119 గజాలు, రెండు టచ్‌డౌన్లు కొట్టాడు. స్కోరు 35-10. రెండు రోజుల తర్వాత టెనెసీ జనరల్ మేనేజర్ ఉద్యోగం పోయింది.

తేడా ఎక్కడుంది? కాన్సస్ సిటీలో క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ ఉన్నాడు, టైట్ ఎండ్ ట్రావిస్ కెల్సీ ఉన్నాడు, కోచ్ ఆండీ రీడ్ ఉన్నాడు. బాల్ పంచడానికి మరో దారి ఉంది. టెనెసీకి బ్రౌన్ తప్ప దారి లేదు. పైగా అతనికప్పుడు ఇరవై నాలుగేళ్లు. "అమ్మితే కాన్సస్ సిటీలా అవుతాం" అనే ముందు మన దగ్గర మహోమ్స్ ఉన్నాడా అని చూసుకోవాలి.

రెండు వైపులా లాభపడిన బేరమూ ఉంది. 2020లో మిన్నెసోటా డిగ్స్‌ని బఫలోకి ఇచ్చింది. అతను ఆ ఏడు 127 క్యాచ్‌లు, 1,535 గజాలతో లీగ్‌లోనే ముందున్నాడు. మిన్నెసోటాకి బదులుగా వచ్చిన ఆ 22వ పిక్కే జెఫర్సన్.

క్వార్టర్‌బ్యాక్ 50 దాటి తీసుకుంటుంటే ఇద్దరు ఖరీదైన రిసీవర్లు సాధ్యమా?

సాధ్యమే, కానీ మిగతా జట్టంతా సన్నగా అల్లుకోవాలి. సిన్సినాటిలో క్వార్టర్‌బ్యాక్ జో బరోకి ఏడాదికి 55, చేజ్‌కి 40.25, టీ హిగిన్స్‌కి 28.75. ముగ్గురికీ కలిపి 124. 2025 క్యాప్‌లో సగటున 44 శాతం. 2024లో చేజ్ 127 క్యాచ్‌లు, 1,708 గజాలు, 17 టచ్‌డౌన్లతో మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్నా జట్టు 9 గెలుపులు, 8 ఓటములతో ప్లేఆఫ్స్‌కి పోలేదు. కారణం డిఫెన్స్. 2025లో రెండో వారానికే బరో కాలి బొటనవేలికి దెబ్బ తగిలి నెలల తరబడి దూరమయ్యాడు. బాల్ వేసేవాడు లేనప్పుడు పట్టేవాళ్ల మీద పెట్టిన డబ్బు పనికి రాదు. ఈ నమూనాలోని పెద్ద ప్రమాదం అదే.

దీనికి ఎదురు ఉదాహరణ ఫిలడెల్ఫియా. ఏజే బ్రౌన్‌కి 32, రెండో రిసీవర్ డెవాంటా స్మిత్‌కి 25, క్వార్టర్‌బ్యాక్ జేలన్ హర్ట్స్‌కి 51. అయినా 2024 సీజన్ సూపర్ బౌల్‌లో కాన్సస్ సిటీని 40-22తో ఓడించింది. అక్కడ డిఫెన్స్‌లో సగం మంది రూకీ ఒప్పందాల మీదున్న కుర్రాళ్లు. బ్రౌన్‌ని మొదట తెచ్చినప్పుడు హర్ట్స్ కూడా రూకీ జీతం మీదే ఉన్నాడు. ఖర్చు చేసిన క్రమం సరిగ్గా ఉంది.

ఒప్పందం ఎప్పుడు చేసుకోవాలి?

వీలైనంత ముందే. మూడో సీజన్ ముగియగానే రూకీతో పొడిగింపు మాట్లాడొచ్చు. ఫిలడెల్ఫియా స్మిత్‌తో 2024 ఏప్రిల్ మధ్యలోనే 25కి ముగించింది. పది రోజుల్లో సెయింట్ బ్రౌన్ 30కి, బ్రౌన్ 32కి వెళ్లారు. జూన్‌కి జెఫర్సన్ 35. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే ఫిలడెల్ఫియాకి స్మిత్ 25కి దొరికేవాడు కాదు.

కౌబాయ్స్‌ది అవతలి కొస. ల్యాంబ్‌కి 2022 సీజన్ తర్వాతే అర్హత వచ్చింది. ఆగారు. 2023లో అతను 135 క్యాచ్‌లు, 1,749 గజాలు చేశాడు. తర్వాత వేసవి క్యాంప్‌కి రాకుండా కూర్చున్నాడు, ఆగస్టు చివర్లో 34కి సంతకం పెట్టాడు. సిన్సినాటీ అంతే. 2024 వేసవిలో 35 దగ్గరున్న చేజ్ ధర ఏడు నెలల్లో 40 దాటింది. ఎదుగుతున్న ఆటగాడి విషయంలో ఆలస్యానికి ఎప్పుడూ వడ్డీ పడుతుంది. ఈ విషయంలో డాలస్ అభిమానుల కోపం పూర్తిగా న్యాయమే.

క్యాంప్ ఎగ్గొట్టే సీనియర్‌కి జరిమానా రోజుకి 50,000 డాలర్లు. జట్టు దాన్ని మాఫీ చేయడానికీ వీల్లేదు. అందుకే ఇప్పుడు చాలామంది క్యాంప్‌కి వచ్చి, ప్రాక్టీస్ చేయకుండా పక్కన నిలబడుతున్నారు. జరిమానా పడదు, ఒత్తిడి మాత్రం అలాగే ఉంటుంది.

ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసి ఆపితే సరిపోదా?

ఒప్పందం ముగిసిన ఆటగాణ్ని నిర్ణీత జీతానికి ఒక ఏడాది ఆపుకునే హక్కు ఈ ట్యాగ్. ఒక ఏడాదికి సరిపోతుంది. హిగిన్స్‌కి 2024లో ట్యాగ్ ధర 21.8. రెండోసారి వేస్తే 120 శాతం, అంటే 26.2. ఆ డబ్బంతా గ్యారంటీ, అంతా ఒకే ఏటి క్యాప్‌లో పడుతుంది, పంచుకునే వీలు లేదు. చివరికి హిగిన్స్‌తో దీర్ఘకాల ఒప్పందమే చేసుకోవాల్సి వచ్చింది. ట్యాగ్‌ని నిర్ణయం వాయిదా వేయడానికి కాదు, ట్రేడ్‌కి సమయం కొనుక్కోవడానికి వాడాలి.

గాయాలైతే డబ్బు పోయినట్టేనా?

గ్యారంటీ రాసిన తీరు మీద ఉంటుంది. కూపర్ కప్ 2021లో 145 క్యాచ్‌లు, 1,947 గజాలు చేసి సూపర్ బౌల్ ఎంవీపీ అయ్యాడు. 2022 జూన్‌లో మూడేళ్లకు 80 మిలియన్ల పొడిగింపు. తర్వాతి మూడు సీజన్లలో 9, 12, 12 ఆటలే ఆడగలిగాడు. 2025 మార్చిలో ర్యామ్స్ వదిలేసింది. అప్పటికతనికి ముప్పై ఒకటి.

జట్టు వైపు నుంచి మూడు పనులు చేయాలి. మూడో ఏటి జీతం సంతకం రోజున గాయానికి మాత్రమే గ్యారంటీ అయ్యేలా, పూర్తి గ్యారంటీ రెండో ఏడు మార్చిలో వచ్చేలా రాయాలి. ఏడాది సొమ్ములో ఒకటి, ఒకటిన్నర మిలియన్లు ఆడిన ఆటకింత చొప్పున పెట్టాలి. ముప్పై ఏళ్లు దాటాక గ్యారంటీ ఇవ్వకూడదు. చేజ్ స్థాయి ఆటగాడు మొదటిదానికి ఒప్పుకోకపోవచ్చు. రెండో మెట్టువాడు ఒప్పుకుంటాడు, ఒప్పుకోకపోతే వదిలేయాలి.

టెక్సస్‌లో టాక్స్ లేదు కదా, దాని ప్రభావం ఉంటుందా?

ఉంటుంది, కొద్దిగా. టెక్సస్, ఫ్లోరిడా, టెనెసీ, నెవాడాల్లో జీతం మీద రాష్ట్ర ఆదాయపన్ను లేదు. కాలిఫోర్నియాలో పై శ్లాబు 13 శాతం దాటుతుంది. కానీ ఆటగాడు వేరే రాష్ట్రంలో ఆడిన ఆటలకు అక్కడి పన్ను కట్టాలి. కాబట్టి పూర్తి తేడా చేతికి రాదు.

మీ లెక్కలో ఎవరికెంత?

గత మూడేళ్లలో రెండుసార్లు 1,300 గజాలు దాటి, ఇరవై ఏడు లోపు వయసుండి, ఏ వైపు నిలబెట్టినా డబుల్ కవరేజ్‌ని (ఇద్దరు డిఫెండర్ల కాపలాని) లాగేవాడికి క్యాప్‌లో పదమూడు, పద్నాలుగు శాతం ఇవ్వొచ్చు. లీగ్ మొత్తంలో అలాంటివాళ్లు ఆరుగురికి మించరు. 2025 క్యాప్‌లో అది 36 నుంచి 39. చేజ్‌కి ఇచ్చింది దీనికి కాస్త పైనే ఉన్నా మేమైతే ఇచ్చేవాళ్లం.

పక్కన పెద్ద రిసీవర్ ఉన్నప్పుడే రాణించే మంచి రెండో ఆటగాడికి ఎనిమిది, తొమ్మిది శాతం. అది కూడా ముందే సంతకం పెడితేనే.

మిగిలినవాళ్లకి నాలుగు శాతం దాటొద్దు. క్యాప్ కరిగేది ఈ రెండింటి మధ్య, ఆరు ఏడు శాతం దగ్గర. ఏడాదికి 18, 20 తీసుకుంటూ అవతలి డిఫెన్స్ ప్రణాళికను కొంచెం కూడా మార్చలేని రిసీవర్లు అక్కడే ఉంటారు. ఆ డబ్బుతో క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఒక మంచి గార్డ్ వస్తాడు. రెండున్నర సెకన్లు కాస్తా మూడవుతాయి, రూకీ రిసీవర్ కూడా ఖాళీ చూసుకోగలుగుతాడు.

కొత్త ఒప్పందం వార్త రాగానే ముందు ఏం చూడాలి?

మొదటి రోజు అంకెలు ఏజెంట్ వైపు నుంచి వస్తాయి, వాటితో వాదన పెట్టుకోకండి. ఒకటి రెండు రోజుల్లో పూర్తి వివరాలు బయటికొస్తాయి. అప్పుడు సంతకం రోజు పూర్తి గ్యారంటీ ఎంత, మొదటి మూడేళ్ల నగదు ఎంత, వాయిడ్ ఇయర్లు ఎన్ని ఉన్నాయి, ఏ ఏడాది మార్చిలో వదిలేస్తే డెడ్ మనీ కంటే ఆదా ఎక్కువవుతుంది అని చూడండి. ఆ ఆఖరి మార్చి ఎప్పుడో దొరికిందంటే, ఒప్పందం నిజంగా ఎన్నేళ్లదో తెలిసినట్టే.